చోటు తప్పిన దారం

ధనకోటమ్మకి సర్పి లేచింది.
ఎడమ పక్క, రవిక అంచు కింద
మూడు పక్కటెముకల వెడల్పున ఎర్రటి పట్టీ.
పాత వన్నారపేటలో సగం మందికి రవికలు కుట్టే మనిషి
నాలుగు రోజులుగా తన ఒంటి మీద ఏ గుడ్డా ఓర్చుకోలేకుండా ఉంది.
"తలా తోకా కలిస్తే పోతానంట కదా?"
మేడ మెట్ల మీద నన్నాపి అడిగింది.
కలవదు. వెన్ను నడిమి గీత దాటదు.
తరమణి లాబులో రోజంతా నేను చూసే పాము ఇదే,
పడగ లేనిది, కంటికి ఆననిది.

డాక్టరు రోజుకు ఐదు మాత్రలు రాశాడు.
ఐదూ వేసుకుని,
ఆరోదానికి కోసపేట కుమ్మరి దగ్గరికి తోడు రమ్మంది.

ఆటోలో అంది: "ఎక్కణ్ణించి వచ్చినాది ఇది?"
ఎక్కణ్ణించీ రాలేదు.
మీ ఏడో ఏట అమ్మవారు పోసి,
వేపమండలు తీసేసి, తలకు నీళ్లు పోసి,
వెళ్లిపోయిందని అందరూ అనుకున్నారే,
అప్పుడే వెన్ను పక్కన నరాల ముడిలో దూరి పడుకుంది.
మీ పెళ్లికి ఉంది. మీ మొదటి మిషను కొన్ననాడు ఉంది.
యాభై ఏళ్లు, అద్దె కట్టకుండా.
నవ్వబోయి, నొప్పికి ఆగిపోయింది ఇంటి ఓనరమ్మ.

"మరి లోపల కావిలి ఎవురూ లేరా?"

ఉన్నాడు.
వాడికి శత్రువు పేరు తెలియదు, మొహం తెలియదు.
తెలిసిందల్లా, దారం ఉండాల్సింది పెట్టెలో అని.
కణం నడిమి గదిలో, కండెలకు చుట్టి, మూత వేసి.
గది బయట రెండు పేటల దారం ముక్క కనబడితే చాలు,
ఎవరిదని అడగడు, గంట కొడతాడు.
కానీ ఈ పాము గడుసుది.
తిన్నగా పెట్టెలోకే పాకి
మన దారాల్లో తన దారం కలిపేస్తుంది.
అక్కడా ఒకడుంటాడు, చీకట్లో వేళ్లతో తడుముతూ:
కండెకు చుట్టుకోని నూలు
ఇంత పొడుగున ఎందుకుంది?

ఆవిడ చేతిసంచిలోంచి దారపు ఉండ తీసి
బొటనవేలితో తడిమింది. ఏమీ అనలేదు.

ఏకాంబరం వాకిట్లో వినాయకుళ్లు ఎండుతున్నారు,
ఇంకా తొండాలు పెట్టలేదు.
చిప్పలో కావి కలిపి కోడి ఈక ముంచాడు.
నేను పోట్లాటకు తయారుగా ఉన్నాను:
పొక్కుల మీద మట్టి వద్దు, చీము పడుతుంది.
నా వైపు చూడకుండానే తమిళంలో అన్నాడు,
పుండు మీద ఎవడు గీస్తాడు? గీత దాని ముందు.
పట్టీకి నాలుగు వేళ్ల ఎడంగా, మంచి చర్మం మీద
సింహాన్ని గీశాడు. కొంచెం కుక్కలా వచ్చింది.

నా పోట్లాట నోట్లోనే ఉండిపోయింది.
గంట విన్న కణం చేసేదీ అదే కదా.
తను ఎలాగూ దక్కదు.
పోతూ పోతూ పక్కిళ్ల తలుపులు తడుతుంది
ఇంటర్‌ఫెరాన్ అనే కబురుతో:
పొయ్యిలు ఆర్పండి, మగ్గాలు ఆపండి,
మీ చేత వాడు తన గుడ్డ నేయించుకోకుండా.
ఇంకా ముట్టని ఇళ్లలో గీత పడుతుంది. ముందుగా.
ఆ వెనక చీట్లు తనిఖీ చేసేవాళ్లు వస్తారు.
లోపలి సంగతి బయటపడకుండా
గుమ్మంలోని చీటీని పాము దాచేస్తుంది.
వాళ్లకు ఆ దాచడమే సాక్ష్యం.

కావి పనిచేస్తుందని నేనెక్కడా రాయను.
మట్టికి అంత తెలియదు.
మంటలో సగం పాముది, సగం కావిలివాళ్లదని
ఆవిడకి చెప్పనూ లేదు.

మూడు వారాలకి పొక్కులు మాడాయి.
మేడ దిగుతుంటే మిషను చప్పుడు.
తన రవికకే ఎడమ పక్క కుట్లు విప్పి
రెండు వేళ్లంత వదులు చేస్తోంది.
"పోయిందా?" అంది తలెత్తకుండా.
పోలేదు. గదిలోకి పోయింది.
సూది ఆగింది.
"ఉండనీ.
ఈసారి అద్దె అడగతా."